భిన్న డేటాబేసులకు ఉమ్మడి మూల కనెక్టరు: దాని నిర్మాణము, మన లెక్కలలో దాని యక్కర

తెలుగునాటికి వెలుపల తరతరములుగా నిలిచిపోయిన తెలుగువారిని గూర్చి వ్రాయబూనినవారు వలసల చరిత్రతోనో, మాండలిక పదములతోనో ఆరంభించుట వాడుక. నేను ఈ వ్యాసమున అందుకు భిన్నమైన విషయమును తీసికొనుచున్నాను. హోసూరు, కృష్ణగిరి మొదలు రాజపాళయము వరకు, బెంగళూరు, కోలారు, బళ్లారి పట్టణములలోను, బరంపురము, రాయగడ ప్రాంతములలోను, షోలాపురపు నేతపేటలలోను, చుట్టును ఆంధ్రదేశమే యున్నను పుదుచ్చేరి పాలనలో నున్న యానాములోను తెలుగు చదువుకొను పిల్లలెందరు, మన గ్రంథాలయములలో తెలుగు పుస్తకములెన్ని అను ప్రశ్నలకు సమాధానములు లేకపోలేదు. ఎవరికి వారు వ్రాసికొనియే యున్నారు. ఒకప్పుడు దస్తరములలో వ్రాసికొనిరి. నేడు కంప్యూటరు డేటాబేసులలో ఎక్కించుచున్నారు. చిక్కు ఏమనగా, ఒకచోటి డేటాబేసు మరియొకచోటి డేటాబేసుతో మాటాడదు. వానిని మాటాడించు పని యెట్లు జరుగును, అందులో పొరపాటు ఎక్కడ దూరును, దానిని ఎట్లు అరికట్టవచ్చును అనునదియే నా విషయము.

నేను యంత్రవిద్య నేర్చినవాడను కాను. భాషాల్పసంఖ్యాకుల పాఠశాలలో తెలుగు చెప్పుకొను ఉపాధ్యాయుడను. ఈ విషయమున నాకు ప్రవేశము కలుగుటకు కారణము ఒక చిన్న సంఘటన. దానిని ముందు చెప్పినగాని పాఠకులకు ఈ ప్రయాస యెందులకో తెలియదు.

1949 ఆగస్టులో జరిగిన రాష్ట్ర విద్యామంత్రుల సమ్మేళనము ఒక నియమమును చేసెను. ప్రాంతీయ భాష కాక వేరొక మాతృభాష గల పిల్లలు ఒక ప్రాథమిక పాఠశాలలో మొత్తము మీద 40 మందికి గాని, ఒక తరగతిలో 10 మందికి గాని తక్కువ గాక ఉన్నచో, వారికి ఆ భాషలో బోధించుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని దాని సారము. 1956లో సప్తమ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. ఆచరణ రాష్ట్రమున కొక తీరుగా నున్నను, ఆ 40 అను సంఖ్య మాత్రము మావంటివారి మనస్సులలో గట్టిగా నాటుకొని యున్నది. 39కిని 40కిని నడుమ నుండునది ఒక ఉపాధ్యాయుడు.

కొన్నేండ్ల క్రిందట మా తెలుగు తరగతుల హాజరుపట్టీలలో 41 మంది పిల్లలుండగా, పలుచోట్ల పట్టికలను కలిపి సిద్ధపరచిన ఉమ్మడి జాబితాలో 39 మంది మాత్రమే కనబడిరి. ఇద్దరు పిల్లలేమైరి? ఎవరిని అడిగినను కంప్యూటరు చెప్పిన లెక్క తప్పుకాదనిరి. ఒకప్పుడు నా తరగతిలో కూర్చుండి, నేడు బెంగళూరులో ప్రోగ్రాములు వ్రాయుచున్న నా శిష్యుని పిలిపించి ఆ జాబితాను చూపితిని. అతడు పావుగంట చూచి, "మాస్టారూ, పిల్లలు ఎక్కడికీ పోలేదండీ. పేర్లే పోయాయి" అనెను.

జరిగినది ఇది. ఒకచోటి డేటాబేసులో పేరు వ్రాయు గడిని రోమను లిపికి మాత్రమే సరిపోవు సంకేతపద్ధతిలో ఏర్పరచి యుంచిరి. అందులో తెలుగు పేరు చేరగానే ఒక్కొక్క సంకేతమునకు ఒక్కొక్క ప్రశ్నార్థక చిహ్నము పడెను. జానకి అను పేరులో జ, ఆత్వము, న, క, ఇత్వము అను సంకేతములు ఐదు. గిరిజ అను పేరులోను ఐదే. రెండును ఐదేసి ప్రశ్నార్థకములైనవి. అట్లే రాఘవ, కేశవ అను రెండును నాలుగేసి ప్రశ్నార్థకములైనవి. (పేర్లు మార్చి చెప్పుచున్నాను, సంకేతముల సంఖ్యను మార్చలేదు.) పేరు, తరగతి, జననతేదీ మూడును ఒక్కటైనచో ఒకే బిడ్డ రెండుమార్లు నమోదైనట్లు భావించి ఒకదానిని తీసివేయు ఏర్పాటు ఆ జాబితా ప్రోగ్రాములో కలదు. జననతేదీలు కలియుట అరుదు కదా యందురేమో. మన పాఠశాలల రికార్డులు చూచినవారెవరును ఆ మాట అనరు. బడిలో చేర్చునాడు సరియైన తేదీ చెప్పలేని తల్లిదండ్రుల పిల్లలందరును జూన్ 1వ తేదీననే పుట్టిరి! మిగిలిన పిల్లల పేర్లును ప్రశ్నార్థకములే యైనను, తేదీలు వేరగుటచే వారు బ్రతికిపోయిరి.

మేము కాగితపు పట్టీలను చూపి ఆ ఏటికి లెక్కను సరిచేయించుకొంటిమి. కాని ప్రతి ఏడును అట్లు చేయలేము. పట్టికలను కలుపు సాధనమునే సరిగా నిర్మింపవలెనని నా శిష్యుడు పట్టుబట్టెను. అతనితో కూర్చుండి నేర్చినదానిని నాకు తెలిసిన మాటలలో చెప్పెదను.

ముందుగా డేటాబేసు అనగానేమో చూతము. ఇప్పుడు కార్యాలయములలో ఎక్కువగా వాడుకలో నున్నవి సంబంధాత్మక డేటాబేసులు. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రవేత్త ఒక వ్యాసమున ఈ పద్ధతిని ప్రతిపాదించెను. సమాచారమంతయు పట్టికలుగా నుండవలెను. ఒక్కొక్క అడ్డవరుస ఒక్కొక్క విషయమునకు, ఒక్కొక్క నిలువుగడి ఒక్కొక్క గుణమునకు చెందవలెను. ఒక పట్టికను మరియొక పట్టికతో ఉమ్మడి గడిచే కలుపుకొనవలెను. విద్యార్థుల పట్టిక యొకటి, తరగతుల పట్టిక యొకటి యుండి, తరగతి సంఖ్యచే రెండును ముడిపడును. ఆ పట్టికలను ప్రశ్నించుటకై అదే సంస్థలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు 1974లో ఒక భాషను ప్రకటించిరి. అదియే తరువాత ఎస్.క్యు.ఎల్. అయినది. దానికి 1986లో అమెరికా ప్రమాణసంస్థ, మరుసటి ఏట అంతర్జాతీయ ప్రమాణసంస్థ ప్రమాణరూపమును ఏర్పరచినవి.

ప్రమాణభాష ఒకటి యున్నదిగదా, ఇక చిక్కేమి? తెలుగువారికి ఈ ప్రశ్నకు సమాధానము వేరుగా చెప్పనక్కరలేదు. మనకును ప్రమాణభాష కలదు. అయినను హోసూరు తెలుగు వేరు, బరంపురపు తెలుగు వేరు, షోలాపురపు తెలుగు వేరు. చుట్టునున్న భాష, చేయు వృత్తి, గడచిన కాలము కలిసి భాషను మలచును. డేటాబేసులును అట్టివే. ఒరాకిల్, మైఎస్‌క్యుఎల్, పోస్ట్‌గ్రెస్, మైక్రోసాఫ్టు వారి ఎస్‌క్యుఎల్ సర్వర్, ఒక్క ఫైలులోనే ఇమిడియుండు ఎస్‌క్యుఎల్‌లైట్ అనునవి అన్నియు ఎస్.క్యు.ఎల్. మాటాడునవియే; ఏదియును రెండవదానివలె మాటాడదు. ప్రోగ్రాములు వ్రాయువారు ఈ భేదములను మాండలికములనియే పిలుచుట నాకు వినోదమును, కొంత తృప్తిని కలిగించెను.

ఒక ఉదాహరణము. పట్టికలోని మొదటి పది పేర్లను చూపుమని అడుగవలెను. మైఎస్‌క్యుఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యుఎల్‌లైట్ ఈ మూడింటిలో ప్రశ్న చివర లిమిట్ 10 అని చేర్చిన చాలును. ఎస్‌క్యుఎల్ సర్వర్‌లో ప్రశ్న మొదటనే టాప్ 10 అనవలెను. ఒరాకిల్‌లో చిరకాలము వరుససంఖ్యను లెక్కించి వడగట్టుకొనవలసి వచ్చెను. 2013లో వచ్చిన కూర్పు మొదలుకొని ఫెచ్ ఫస్ట్ అను ప్రమాణరూపము చెల్లుచున్నది. పట్టిక పేరులో ఖాళీ గాని, నిషిద్ధపదము గాని యున్నచో దానిని ప్రమాణము ప్రకారము జంట ఉద్ధరణచిహ్నముల నడుమ నుంచవలెను. మైఎస్‌క్యుఎల్ వాలుగుర్తులను వాడును, ఎస్‌క్యుఎల్ సర్వర్ చదరపు కుండలీకరణములను వాడును. నీలో ఏ పట్టికలున్నవని అడిగినచో మైఎస్‌క్యుఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యుఎల్ సర్వర్ మూడును ఇన్ఫర్మేషన్ స్కీమా అనుచోటను, ఒరాకిల్ తన స్వంత నిఘంటుపట్టికలలోను, ఎస్‌క్యుఎల్‌లైట్ తన ప్రధానపట్టికలోను సమాధానమిచ్చును. ఒకే సంఖ్యతో ఇద్దరిని నమోదు చేయబోయినచో అన్నియు కోపించును. కాని మైఎస్‌క్యుఎల్ 1062 అనును, ఒరాకిల్ 00001 అనును, ఎస్‌క్యుఎల్ సర్వర్ 2627 అనును, పోస్ట్‌గ్రెస్ 23505 అనును.

డేటాబేసునకును దానిని వాడుకొను ప్రోగ్రామునకును నడుమ నుండి రాకపోకలు జరుపు భాగమే కనెక్టరు. ఐదు విధముల డేటాబేసులుండి, వానిని వాడుకొను ప్రోగ్రాములు నాలుగున్నవనుకొందము: విద్యార్థుల లెక్క, గ్రంథాలయ సూచిక, సభ్యుల జాబితా, పదసేకరణ. ఎవరికి వారు కనెక్టరులు వ్రాసికొన్నచో 20 కావలెను. నడుమ అందరును ఒప్పుకొన్న ఒక పద్ధతి యున్నచో ఐదును నాలుగును కలిసి తొమ్మిదితో సరిపోవును. ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1992లో మైక్రోసాఫ్టు వారు ఓ.డి.బి.సి. అను పద్ధతిని వెలువరించిరి. పెర్ల్ భాషకై టిమ్ బన్స్ 1994లో డి.బి.ఐ. అనుదానిని విడుదల చేసెను. జావా భాషకు 1997లో జె.డి.బి.సి. వచ్చెను. పైథాన్ భాషవారు తమ డేటాబేసు డ్రైవరులన్నియు ఒకే పేర్లతో పనులు చేయవలెనని నియమావళి వ్రాసికొనిరి. 2006లో వచ్చిన ఎస్‌క్యుఎల్ ఆల్కెమీ అను పైథాన్ గ్రంథసముచ్చయము డేటాబేసున కొకటిగా మాండలికభాగమును ఏర్పరచి, తక్కినదంతయు ఉమ్మడిగా నుంచెను.

ఇవన్నియు నుండగా మరల మూల కనెక్టరును కట్టుట యెందులకని నేను శిష్యుని అడిగితిని. ఈ పద్ధతులు ద్వారమును తెరచునే కాని, లోపల మన యక్కరకు తగిన జాగ్రత్తలు తీసికొనవు. తెలుగు పేరు చెడకుండ వచ్చినదా యని చూచు బాధ్యత వానిది కాదు అని అతడు చెప్పెను. అవి పునాదులు; మన ఇల్లు మనము కట్టుకొనవలెను. మేము కూడ పైథాన్ నియమావళి మీదనే నిలిచితిమి.

ఇక నిర్మాణము. మూల కనెక్టరు అనునది స్వయముగా ఏ డేటాబేసును తెరువజాలదు. అది ఒక ఉమ్మడి మాతృక. దానినుండి మైఎస్‌క్యుఎల్ కనెక్టరు, ఒరాకిల్ కనెక్టరు మున్నగునవి పుట్టి, మాతృకలోని లక్షణములన్నిటిని వారసత్వముగా పొంది, తమతమ భేదములను మాత్రము తాము చెప్పుకొనును. పనుల క్రమమును మాతృక నిర్ణయించి, నడుమ కొన్ని మెట్లను సంతానమునకు విడిచిపెట్టు ఈ రీతి ప్రోగ్రాముకారులలో ప్రసిద్ధము. నలుగురు రచయితలు కలిసి 1994లో వెలువరించిన ఒక గ్రంథమున దీనికి నామకరణము చేసి వర్ణించిరి.

అయితే ఏది మాతృకలో నుండవలెను, ఏది సంతానమునకు విడువవలెను? ఇక్కడనే మా ఇద్దరికిని వాదము జరిగెను. అప్పుడు నాకు మన వ్యాకరణము తోడుపడెను. చిన్నయసూరి బాలవ్యాకరణము చదివినవారికి బహుళము అను మాట సుపరిచితము. బహుళమనగా ఒకచోట నిత్యము, ఒకచోట నిషేధము, ఒకచోట వైకల్పికము, ఒకచోట అన్యవిధము. కనెక్టరు చేయవలసిన పనులను ఈ నాలుగు గంపలలోనికి వేసి చూచితిమి. ఆశ్చర్యముగా అన్నియు ఇమిడినవి.

నిత్యములు మాతృకలోనే యుండును. సంతానము వానిని మార్చరాదు. ప్రశ్నను పంపుట, వరుసలను వేయేసి చొప్పున తెచ్చుట, పని ముగిసినను నడుమ చెడినను సంబంధమును తప్పక మూయుట, అన్ని తప్పుసంఖ్యలకును "ఇదివరకే ఉన్నది", "ద్వారము తెరువబడలేదు" వంటి ఉమ్మడి పేర్లు పెట్టుట ఇట్టివి. వేయేసి వరుసలని ఏల చెప్పితిననగా, లక్ష వరుసలను ఒక్కసారి మ్రింగజూచిన ప్రోగ్రాము చిన్న యంత్రముపై ఊపిరాడక నిలిచిపోవును. మా పాఠశాలలోని యంత్రము అట్టిదే.

ప్రశ్నను పంపుటలో ఒక ముఖ్యనియమము కలదు. ప్రశ్నలోని విలువలను ప్రశ్నవాక్యములో అతికించి పంపరాదు. వాక్యమును వేరుగా, విలువలను వేరుగా పంపవలెను. పేరులో ఒక ఉద్ధరణచిహ్నము వచ్చినను వాక్యము విరిగిపోవును. దురుద్దేశము గలవాడు ఆ సందుననే తన ఆజ్ఞను దూర్చి పట్టికనే తుడిచివేయవచ్చును. విలువ యుండవలసిన చోటును సూచించు గుర్తు మాత్రము డ్రైవరునకు డ్రైవరునకు మారును. పైథాన్ నియమావళియే ఐదు రీతులను అంగీకరించెను: ప్రశ్నార్థకము, సంఖ్య, పేరు, శాతపు గుర్తుతో రెండు విధములు. మా మాతృకలో ఒకే గుర్తు. దానిని తన గుర్తుగా మార్చుకొనుట సంతానపు పని.

అన్యవిధములు అనగా ఉమ్మడి సమాధానమే లేనివి: చిరునామా వ్రాయు తీరు, పట్టికల జాబితాను అడుగు ప్రశ్న. వీనిని మాతృక పేరుతో ప్రకటించి ఖాళీగా విడుచును. సంతానము పూరింపకున్నచో ప్రోగ్రాము నడువనే నడువదు. వైకల్పికములకు మాతృకలో ఒక రూపముండును, కావలసినవారు మార్చుకొందురు. లిమిట్ రూపమును, జంట ఉద్ధరణచిహ్నమును మాతృకలో నుంచగా ఎస్‌క్యుఎల్ సర్వర్ కనెక్టరు రెండింటిని మార్చుకొనెను, పోస్ట్‌గ్రెస్ కనెక్టరు దేనిని ముట్టలేదు. నిషేధములు కొన్నియే: ఎస్‌క్యుఎల్‌లైట్‌కు వాడుకరి పేరును, రహస్యపదమును లేవు, కావున మాతృక వానిని అందరినుండి నిర్బంధముగా అడుగరాదు. ఆ సదుపాయము నాలో లేదని చెప్పుకొనుటకు సంతానమునకు అవకాశ మీయవలెను.

మొదట మేము చేసిన తప్పు నొకదానిని చెప్పవలెను. తొందరలో మాతృకలోనే "ఇది ఒరాకిల్ అయినచో ఇట్లు చేయుము" అని నాలుగుచోట్ల వ్రాసితిమి. పని జరిగెను. కాని ఐదవ డేటాబేసును చేర్చునప్పటికి మాతృక అడుగడుగున సందేహించు ముసలమ్మవలె తయారయ్యెను. ఉత్సర్గసూత్రములో అపవాదములను కుక్కు వ్యాకర్త యుండునా? అపవాదము తన చోట తానుండవలెను. సామాన్యసూత్రమునకు దాని పేరైనను తెలియరాదు. ఆ నాలుగు వాక్యములను తీసివేయుటకు రెండు ఆదివారములు పట్టినవి. నాటినుండి మరియొక కట్టుబాటు చేసికొంటిమి: ఏ పనియైనను మూడు కనెక్టరులలో ఒకే తీరున కనబడినగాని దానిని మాతృకలోనికి ఎక్కింపరాదు. రెండింటిలో కనబడినది యాదృచ్ఛికము కావచ్చును. మాతృకలో ఒక అక్షరము మారినను సంతానమంతయు కదలును గనుక ఈ సంకోచము మంచిదే.

సంబంధము తెగినచో మరల ప్రయత్నించుట అను పనియు మాతృకదే. పల్లెలలో నెట్టు ఎంత చంచలమో అందరెరిగినదే. కాని ఇక్కడ నొక భేదము పాటింపవలెను. చదువు ప్రశ్నను మరల పంపుటచే నష్టము లేదు. వ్రాత ప్రశ్నను మరల పంపరాదు. మొదటిసారి నమోదు జరిగి, జరిగినదను కబురు మాత్రమే దారిలో తప్పిపోయి యుండవచ్చును. అప్పుడు రెండవ పంపకముచే ఒకే బిడ్డ ఇద్దరగును. లేని బిడ్డను లెక్కలో చూపుట ఉన్నబిడ్డను పోగొట్టుటకంటె తక్కువ తప్పేమియు కాదు. పైగా అది బయటపడిననాడు మన సరియైన లెక్కలను గూడ ఎవరును నమ్మరు.

ఇప్పుడు ప్రశ్నార్థకముల సంగతికి వత్తము. యూనికోడ్ ప్రమాణములో 1991లోని మొదటి కూర్పునుండియు తెలుగునకు చోటు కలదు. యు.టి.ఎఫ్-8 అను రూపమున తెలుగు సంకేత మొక్కొక్కటి మూడేసి బైట్లు పట్టును. వేంకటేశ్వర్లు అను పేరులో సంకేతములు 13. కావున 39 బైట్లు. ఒరాకిల్‌లో గడి వెడల్పును 30 అని మాత్రము వ్రాసినచో అది సాధారణముగా 30 బైట్లని యర్థము. అందులో ఈ పేరు పట్టదు. డేటాబేసు నమోదును నిరాకరించును. అప్పుడు గుమాస్తా యేమిచేయును? వేంకటేశ్ అని కుదించి పని గడుపుకొనును. యంత్రపు కొలత చాలక బిడ్డ పేరు మారును. ఎస్‌క్యుఎల్ సర్వర్‌లో తెలుగునకు ఎన్‌వార్‌చార్ అను గడి కావలెను. కేవలము వార్‌చార్ అయినచో రోమను సంకేతపద్ధతిలో ప్రశ్నార్థకములే మిగులును. 2019 కూర్పులో మాత్రము వార్‌చార్‌నకును యు.టి.ఎఫ్-8 సౌకర్యము వచ్చెను. మైఎస్‌క్యుఎల్‌లో 2018లో వచ్చిన 8వ కూర్పునకు పూర్వము ఎవరును ప్రత్యేకముగా చెప్పకున్నచో లాటిన్ పద్ధతియే నియమితమగుచుండెను. పాతకూర్పులలో నెలకొల్పి అట్లే నడచుచున్న పట్టికలలో ఈ ప్రమాదము నేటికిని పొంచియున్నది.

ప్రశ్నార్థకముగా మారిన పేరు తిరిగి రాదు. చెరిపిన పలకమీది అక్షరమువంటిది అది. కావున మా మాతృక మూడు కావలులను పెట్టెను. ద్వారము తెరచిన వెంటనే వేంకటేశ్వర్లు అను పదమును విలువగా పంపి, దానినే తిరిగి యిమ్మని అడుగును. (ఈ చిన్న ప్రశ్నకు సైతము 2023కు ముందటి ఒరాకిల్ కూర్పులు డ్యూయల్ అను పేరుగల ఉత్తపట్టికను పేర్కొనుమని పట్టుబట్టును!) వచ్చిన పదము సంకేతముల వరుసలో సరిపోలకున్నచో అక్కడితో ఆగిపోవును. దారి బాగున్నంతమాత్రమున గడి బాగున్నదని చెప్పలేము గనుక, రెండవ కావలిగా పట్టికల వివరములను చదివి పేరుగడుల సంకేతపద్ధతిని, వెడల్పును పరిశీలించి హెచ్చరించును. మూడవది, తెచ్చిన వరుసలలో కేవలము ప్రశ్నార్థకములతో నిండిన పేరు కనబడినచో దానిని పేరుగా అంగీకరింపక, చెడిన వరుసగా వేరుచేసి జాబితా యిచ్చును. అట్టి వరుసలను ఏ కారణముచేతను ఒకదానితో ఒకటి సరిపోల్చి తీసివేయరాదు. ఇది నిత్యములలో నిత్యము.

ఒకే పేరు రెండు విధముల వ్రాయబడుటయు కలదు. ఐత్వమును యూనికోడ్‌లో ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వమునకు క్రింది గుర్తును చేర్చి రెండు సంకేతములుగాను వ్రాయవచ్చును. కంటికి మైసూరు రెండింటను మైసూరే, యంత్రమునకు వేరువేరు. మాతృక పోలికలకై అన్నిటిని ఒకే రూపమునకు తెచ్చును. మూలరూపమును మాత్రము చెరపక ప్రక్కన నుంచును.

ఖాళీగడుల విషయము ఇంతకంటెను సూక్ష్మమైనది. మాతృభాష యను గడిలో ఏమియు వ్రాయకుండుట యొకటి, ఇంకను తెలియదని వ్రాయుట యొకటి. తక్కిన డేటాబేసులు ఉత్తమాటను, తెలియనిదానిని వేరుగా చూచును. ఒరాకిల్ రెండింటిని ఒకటిగానే భావించును. ఒకరు భేదము పాటింపలేనప్పుడు ఉమ్మడిలో ఆ భేదమును నిలుపలేము గదా. కావున మాతృక రెండింటిని తెలియనిదిగానే గ్రహించును. తరువాత చిక్కు లెక్కలో వచ్చును. మాతృభాష తెలుగు అయినవారెందరని అడిగినచో తెలియనివారు రారు. తెలుగు కానివారెందరని అడిగినను వారు రారు! తెలియనిదానిని దేనితో పోల్చినను ఔననిగాని కాదనిగాని సమాధానము రాదనునది ఎస్.క్యు.ఎల్. తర్కము. రెండు సంఖ్యలను కూడి మొత్తమనుకొన్నవారు గడి నింపని పిల్లలనందరిని పోగొట్టుకొందురు. మన పిల్లలలో ఈ గడి నిండనివారే ఎక్కువ. ఇంట తెలుగు, వీధిని తమిళమో కన్నడమో, బడిలో ఇంగ్లీషు. ఏది వ్రాయవలెనో తోచక గుమాస్తా విడిచిపెట్టును. అందుచే మా ప్రోగ్రాములో ప్రతి లెక్కయు మూడు సంఖ్యలుగా రావలెనని నిర్ణయించితిమి: అగునవి, కానివి, తెలియనివి.

కనెక్టరు చేయరాని పనులను గూడ చెప్పవలెను. తమిళలిపిలో గకారకకారములకు వేరు అక్షరములు లేవు. మరాఠీ వ్రాతలో ఎకార ఏకార భేదము లేదు. అట్టి పట్టికలనుండి వచ్చిన తెలుగువారి పేర్లను తెలుగు చేయుట ఊహాకార్యము. అది పండితులు కూర్చుండి చేయవలసినది. అట్లే యూనికోడ్‌నకు పూర్వపు అచ్చు ఫాంటులలో టైపుచేసిన పాత ఫైలులు పైకి తెలుగుగా కనబడినను లోపల రోమను అక్షరములే. వాని మార్పు వేరొక సాధనపు పని. రవాణా చేయువాడు మూట విప్పి సరకు మార్చరాదు. అవసరములేని గడులను తెచ్చుటయు కూడదు. పిల్లల వివరముల విషయమున 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు ప్రత్యేకశ్రద్ధ కలదు. కావున మా కనెక్టరులు చదువుటకు మాత్రమే అనుమతిగల ఖాతాలతో తెరచును; పేరు, తరగతి, జననతేదీ, భాష తప్ప ఆధార్ సంఖ్యను గాని, చిరునామాను గాని అడుగవు. రహస్యపదములు ప్రోగ్రాములో వ్రాయబడవు.

క్రొత్త కనెక్టరును చేర్చువారికి మేము ఒక పరీక్షాపత్రమును ఏర్పరచితిమి. ఉపాధ్యాయుని బుద్ధి పోదుకదా! అది అన్ని కనెక్టరులకును ఒక్కటే. అందులో ఒక చిన్న పట్టికలో 41 పేర్లు. ఐదేసి సంకేతముల పేర్లు రెండు, నాలుగేసి సంకేతములవి రెండు, వేంకటేశ్వర్లు ఒకడు, ఐత్వము రెండు విధముల వ్రాసిన పేర్లు రెండు, మాతృభాష గడి ఖాళీగానున్నవారు ముగ్గురు, ఉద్ధరణచిహ్నము గల పేరొకటి. పదునలుగురికి జననతేదీ జూన్ 1. కనెక్టరు ఈ పట్టికను చదివి 41 అని చెప్పవలెను. నడుమ సంబంధమును కావలెనని తెంపి మరల కలిపినను 41 అనియే చెప్పవలెను. మొదట ఎస్‌క్యుఎల్‌లైట్, తరువాత పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యుఎల్ ఉత్తీర్ణములైనవి. ఒరాకిల్ కనెక్టరు జననతేదీవద్ద ఒకసారి తప్పెను. అక్కడ తేదీగడిలో గంటలు నిమిషములు గూడ ఇమిడియుండుటచే జూన్ 1 వేరు, జూన్ 1 ఉదయము పది గంటలు వేరని పోల్చెను. గంటలను విడిచి తేదీని మాత్రము గ్రహించునట్లు ఆ కనెక్టరులోనే సవరించితిమి, మాతృకను ముట్టలేదు. ఎస్‌క్యుఎల్ సర్వర్ కనెక్టరు మొదటిమారు 39 అని చెప్పెను. పరీక్షకై పట్టిక నేర్పరచినప్పుడు పేరుగడిని వార్‌చార్ అని వ్రాసినది నేనే. రెండవ కావలి హెచ్చరించినను నేను చదువలేదు. మూడవ కావలి అప్పటికి ఇంకను వ్రాయబడలేదు; ఆ సాయంకాలమే వ్రాసితిమి.